మా బడ్జెట్ కెప్టెన్

పోయిన ఆదివారం మా తెలుగు చర్చిలో ఆయన జ్ఞాపకార్థ కూడిక జరిగింది. పాస్టరుగారు మైకు నా చేతికిచ్చి, "ఆఫీసులో ఎక్కువ కాలం కలిసి పనిచేసింది మీరే కదా తాతగారూ, రెండు ముక్కలు చెప్పండి" అన్నారు. నేను లేచి, యుద్ధంలో గాయపడిన పదకొండుమంది జవాన్లను ఆయన మంచుకొండ మీద నుంచి ఒక్కొక్కరినే వీపున వేసుకుని దించారని చెప్పాను. వెనక వరసలో ఎవరో ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది.

పదకొండుమంది కాదు, ఒక్కడు. ఆ ఒక్కడి సంగతి కూడా ఆయన నోటి నుంచి వినలేదు. ఆ జవానే కొన్నేళ్ళ తర్వాత ఓడ దిగి, వెతుక్కుంటూ మా ఆఫీసుకొచ్చి, ఆయన కాళ్ళకు దండం పెట్టబోతే మాకు తెలిసింది. ఆ ఒక్కణ్ణి నేను ముందు ముగ్గురిని చేశాను. తర్వాత ఐదుగురయ్యారు. భక్తితో చేసిన పని కాదు. మరీ పెంచి చెబితే జనం నమ్మరని, ఆయన గొప్ప కాస్త తగ్గుతుందని నా దురాశ. జనం నమ్మారు. ఏడుగురన్నా నమ్మారు. అంతటి మనిషాయన. నా బాధ అదే.

ఇంటికొచ్చాక మా ఆవిడ చెప్పులు విడుస్తూ, "పోయిన క్రిస్మస్‌కి ఎనిమిదిమందే కదండీ. మనిషి పోయాక కూడా పెరుగుతున్నారేంటి?" అంది.

అందుకే ఇది కాగితం మీద పెడుతున్నాను. మైకు చేతిలో ఉంటే నా నోరు నా మాట వినదు. కలం పట్టుకుంటే కొంత మేలు.

ఆయన పేరు రాయను. పోర్ట్ బ్లెయిర్‌లో పాతవాళ్ళకు 'బడ్జెట్ కెప్టెన్' అంటే చాలు. విజయనగరం వైపు నుంచి వచ్చిన మనిషి. సైన్యంలో కాల్బలంలో కెప్టెన్‌గా చేసి, బయటికొచ్చి, మాజీ సైనికుల కోటాలో మా ఆఫీసులో చేరారు. నేను అప్పటికే బడ్జెట్ సెక్షన్‌లో హెడ్ క్లర్కుని. ఈ దీవుల్లోనే పుట్టినవాణ్ణి. మా నాన్న శ్రీకాకుళం తీరం నుంచి జెట్టీ పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అసిస్టెంట్ బడ్జెట్ ఆఫీసర్ కుర్చీ ఖాళీ అయినప్పుడు అది నాదేనని దీవి మొత్తానికీ తెలుసు. దీవి మొత్తానికీ అంటే మా సెక్షన్‌కి. సరే, నాకు తెలుసు.

ఆ కుర్చీలోకి ఆయన వచ్చారు. ఓడ దిగినవాడు దిగినట్టే, ఇనప ట్రంకు పెట్టె భుజాన పెట్టుకుని, రెండు మిట్టలు ఎక్కి ఆఫీసుకొచ్చారు. ప్యూను పరిగెత్తుకెళ్ళి, "సాబ్, ఇటివ్వండి, నేను మోస్తా" అంటే, "దారి చూపించు భయ్యా, అది చాలు" అన్నారు. అంత చెమటలోనూ ఆయన బూట్లు మెరుస్తున్నాయి. నేను కిందికి చూసుకున్నాను. నా చెప్పుకి ఒక పక్క పట్టీ ఊడిపోయి ఉంది. నాకాయన మీద అసూయ ఎప్పుడు మొదలైందంటే ఆ రోజు, ఆ నిమిషం, ఆ చెప్పు దగ్గర.

ఆయన అలవాట్లు కొన్ని చెబుతాను. అంచనాల కాగితం ఏదైనా సరే నిలబడే చదివేవారు. కూర్చుని చదివితే మెదడు కూర్చుంటుందట. ఎవరినీ తన గదికి పిలిపించేవారు కాదు. పనుంటే తనే మన టేబుల్ దగ్గరకొచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. మధ్యాహ్నం రెండు రొట్టెలు, ఒక పచ్చి ఉల్లిపాయ. ఉల్లిపాయను టేబుల్ అంచున పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దేవారు. తెలుగువాడై ఉండి అన్నం తినడేమిటని మా ఆవిడ జాలిపడి, నా క్యారియర్‌లోనే ఆయనకు వేరే గిన్నె సర్దేది. నా గిన్నెలో చేప తోక, ఆయన గిన్నెలో నడుము ముక్క. అడిగితే, "పాపం, సైన్యంలో ఎన్ని కష్టాలు పడ్డారో ఏమో" అనేది. నేను పదిహేడేళ్ళుగా అదే సెక్షన్‌లో పడుతున్న కష్టాలు ఆవిడకు కనపడలేదు.

చర్చిలో ఆయన పాట వినాలి. శ్రుతి ఒక దీవిలో, గొంతు ఇంకో దీవిలో. కవాతులో అరిచినట్టు పాడేవారు. ఇక్కడైనా నాది పైచేయి అనుకున్నాను. నా గొంతు బాగుంటుంది, ఇది పెంచి చెప్పడం కాదు. కానీ కూడిక అయ్యాక ముసలమ్మలంతా ఆయన చుట్టూ చేరి, "ఎంత భక్తిగా పాడారు బాబూ" అనేవాళ్ళు. బాగా పాడినవాడికి భక్తి లేదని వాళ్ళ లెక్క కాబోలు.

ఇక ఆయన పనితనం. ఆయన రాకముందు మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. మాయాబందర్ బడి నుంచి పది బెంచీలు కావాలని వస్తే, అసలు కావలసినవి ఐదు అని మాకు తెలుసు. మేము ఐదు కొట్టేస్తామని వాళ్ళకు తెలుసు. అడిగేవాడు రెండింతలు అడిగేవాడు, ఇచ్చేవాడు సగం కోసేవాడు, అందరం సుఖంగా ఉండేవాళ్ళం. కెప్టెన్ కోయలేదు. అడవుల శాఖ నుంచి ఒకాయన దుంగలు లాగడానికి నాలుగు ఏనుగులు కావాలని కాగితం పట్టుకొస్తే, ఆయన నిలబడి మొత్తం చదివి, "అసలు ఎన్ని కావాలి?" అని అడిగి ఊరుకున్నారు. ఊరుకోవడమంటే మామూలుగా కాదు. కళ్ళార్పకుండా, కోపం లేకుండా, బస్సు కోసం నిలబడ్డవాడిలా. అరగంట గడిచింది. అరగంట కాదులెండి, మూడు నిమిషాలు. పక్క టేబుల్ దగ్గరున్న నాకే చెమట్లు పట్టాయి. ఆఖరికి ఆ అడవుల ఆయన, "సార్, అసలు బాత్ ఏంటంటే, దో హాథీ చాలు" అన్నాడు. కెప్టెన్ రెండూ ఇచ్చారు. ఒక్కటీ తగ్గించలేదు. ఆ తర్వాత ఎవరూ రెండింతలు అడగలేదు. నా ఉద్యోగంలో సగం పని, కోసే పని, ఆ రోజుతో పోయింది.

ఆయన నన్ను 'గురువుగారూ' అని పిలిచేవారు. మొదటి వారంలోనే నా దగ్గరకొచ్చి, "కొండల మీద సామాను సంగతైతే నాకు తెలుసు. ఈ సముద్రం సంగతి మీరే నేర్పాలి" అన్నారు. అందరి ముందూ అన్నారు. వెటకారమేమో అని నెల రోజులు కనిపెట్టి చూశాను. కాదు. నిజంగానే అన్నారు. ఏది ఎంత పడుతుందో, ఏ నెలలో ఏ పడవ నడవదో, నన్నడిగి చిన్న నోటుబుక్కులో రాసుకునేవారు. నేనూ నేర్పాను. నా దగ్గర నేర్చుకున్నదానితోనే ఆయన ఒక్కో మెట్టూ ఎక్కి, కొన్నేళ్ళకు బడ్జెట్ డైరెక్టరయ్యారు. నేను హెడ్ క్లర్కుగానే ఉన్నాను. ఆ రోజు మా ఆవిడ గారెలు వండి, వాటిని నా చేతే ఆయనింటికి పంపించింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆలస్యం చేస్తున్నానని మీకు తెలిసే ఉంటుంది.

ఆయన డైరెక్టరుగా తయారుచేసిన మొదటి బడ్జెట్ అది. డిగ్లీపూర్ వైపు కొత్తగా స్థిరపడ్డవాళ్ళకు చిన్న ఆస్పత్రి ఒకటుండేది. ఆకుల కప్పు. దానికి రేకులు వేయించాలని ఆయన పట్టుపట్టి పద్దులో చేర్చారు. రేకులు కలకత్తా నుంచి పెద్ద ఓడలో పోర్ట్ బ్లెయిర్‌కి వస్తాయి. ఆ ఖర్చు ఎలా రాయాలో నియమాల పుస్తకంలో ఉంది. ఇక్కడి నుంచి డిగ్లీపూర్‌కి అప్పట్లో రోడ్డు లేదు. చిన్న పడవ మాట్లాడాలి. అది ఒడ్డు దాకా పోదు కాబట్టి చిన్న చిన్న తెడ్ల డింగీల్లోకి దించాలి, అక్కడి నుంచి మనుషులు తలల మీద మోయాలి. ఆ ఖర్చు ఏ పుస్తకంలోనూ లేదు. ఏటా బడ్జెట్ కాగితాలు ఢిల్లీకి పోవడానికి ఓడెక్కే ముందు, ఆఖరి రోజున, హెడ్ క్లర్కు పెన్సిల్ తీసి, ఏ ఊరికి ఏం వెళుతుందో చూసి, అడుగున ఒక వరస చేర్చేవాడు. మేం దాన్ని 'పడవ వరస' అనేవాళ్ళం. నాకు ముందున్నాయన నాకు చూపించాడు. ఆయనకు ఆయన ముందున్నాయన. రాసిపెట్టిన నియమం కాదు, చేతి నుంచి చేతికి వచ్చిన పని. సైన్యం నుంచి వచ్చినవాడికి అది తట్టదు. సైన్యంలో అడిగిన సామాను గుడారం ముందుకొచ్చి దిగుతుంది. అది ఎలా వచ్చిందో కెప్టెన్‌ని ఎవరూ అడగరు. నేను అన్నీ నేర్పాను గానీ ఆ పెన్సిల్ వరస మాత్రం ఎప్పుడూ చూపించలేదు. అదొక్కటీ నా దగ్గర ఉండనీ అనుకున్నాను.

ఆ ఏడాది కాగితాలు నా టేబుల్ మీదికొచ్చాయి. పెన్సిల్ చెక్కాను. మిగతా ఊళ్ళ పడవ ఖర్చులు రాశాను. డిగ్లీపూర్ దగ్గర చెయ్యి ఆగింది. ఆగిందని రాయడం కూడా మోసమే. నేనే ఆపాను.

కెప్టెన్ వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. "చూశారా గురువుగారూ?"

"చూశాను సార్."

"ఇక పంపించొచ్చా?"

"ఓడ రేపు పొద్దున్నే కదా సార్" అన్నాను.

ఈ రెండు మాటల్లో ఒక్క అబద్ధం లేదు. అప్పట్లో నాకు దాని మీద ఎంతో గర్వంగా ఉండేది.

రేకులొచ్చాయి. జెట్టీ పక్కన గోడౌన్‌లో దిగాయి. పడవకు మంజూరు లేదు. మళ్ళీ రాసి, జవాబు తెప్పించుకునేసరికి నెలలు పడుతుంది. ఈలోగా వానలొచ్చాయి. ఆకుల కప్పు అప్పటికే విప్పేశారు. పైఅధికారి కెప్టెన్‌ని పిలిపించారు. నేను ఫైలు పట్టుకుని తలుపు పక్కన నిలబడ్డాను. ఫైలు అవసరం లేదు, నాకు వినాలని ఉంది.

"మీ సెక్షన్‌లో ఇన్నేళ్ళ అనుభవమున్నవాళ్ళున్నారు. ఎవరూ చెప్పలేదా?" అని లోపలి గొంతు.

"నేను అడగలేదు సార్" అన్నారు కెప్టెన్.

అంతే. నా పేరు వస్తుందేమోనని గోడకు అతుక్కుపోయి నిలబడ్డవాణ్ణి, రాకపోయేసరికి ఊపిరి పీల్చుకుని, వెంటనే మండిపడ్డాను. కనీసం నన్ను తిట్టించైనా ఆయన చిన్నవాడైతే బాగుండేది.

ఆ వారమే ఆయన డిగ్లీపూర్ బయల్దేరారు. నన్నూ రమ్మన్నారు. ఆ ప్రయాణం నా జీవితంలో మంచి రోజుల్లో ఒకటి. మంచుకొండలెక్కిన కెప్టెన్‌కి సముద్రం పడదు. పడవ అంచు పట్టుకుని దారంతా కక్కుకుంటూనే ఉన్నారు. నేను ఎదురుగా కూర్చుని రెండు పూటలా సుష్టుగా తిన్నాను. వేయించిన చేప వాసన ఆయన వైపు వెళ్ళేలా గాలి చూసుకుని కూర్చున్నాను. ఇది పెంచి చెప్పడం కాదు, కావాలంటే తగ్గించి చెప్పానేమో.

డిగ్లీపూర్‌లో ఆస్పత్రంటే నాలుగు గోడలు, పైన టార్పాలిన్. దాని మధ్యలో నీళ్ళు నిండి, పొట్టలా కిందికి వేలాడుతోంది. కింద మంచాలన్నీ ఒక మూలకు జరిపారు. స్థిరపడ్డ బెంగాలీల్లో ఒక పెద్దావిడ మాకు ఎదురొచ్చింది. బెంగాలీ యాసలో హిందీ మాట్లాడింది. నాకు గుర్తున్నంతవరకు ఆమె అన్నది ఇది.

"సాబ్, మా కోడలు ఇక్కడే ప్రసవించింది. నలుగురు ఆడవాళ్ళం ఈ గుడ్డ కొసలు పట్టుకుని నిలబడ్డాం. చేతులు పడిపోయాయి. రేకులొచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నాయటగా. మేం అడిగింది రేకులే కదా, బంగారం కాదు కదా."

ఎవరూ చనిపోలేదు. బిడ్డా తల్లీ బాగానే ఉన్నారు. ఈ సంగతి మాత్రం పెంచకుండా తగ్గించకుండా రాస్తున్నాను, ఎందుకంటే ఆ పెద్దావిడ నోరు తెరిచినప్పుడు నాకు మొదట కలిగిన భయం అదే.

కెప్టెన్ టోపీ తీశారు. పడవ ప్రయాణానికి మొహం పాలిపోయి ఉంది. "గల్తీ మేరీ హై, మాతాజీ" అన్నారు, తప్పు నాదేనని. "ఎలా తీసుకురావాలో అడగాల్సిన మనిషిని నేను అడగలేదు."

నా వైపు చూడలేదు. ఒక్కసారి చూసినా బాగుండేది, నేనూ ఆయన కళ్ళలోకి చూసేవాణ్ణి, లేకపోతే తల దించుకునేవాణ్ణి, ఏదో ఒకటి తేలిపోయేది. ఆయన నిచ్చెన అడిగి, పైకెక్కి, టార్పాలిన్ మీది నీళ్ళు గెంటి, కొసలన్నీ విప్పి, సైన్యంలో గుడారాలకు కట్టే ముడులతో మళ్ళీ బిగించారు. "గురువుగారూ, ఆ తాడు గట్టిగా పట్టండి" అంటే పట్టాను. అరచేతులు ఒరుసుకుపోయాయి. దిగి వచ్చాక ఆ పెద్దావిడ ఇత్తడి గ్లాసులో టీ తెచ్చి ముందు ఆయనకిచ్చింది. తప్పు చేసింది నేను. తిట్లూ ఆయనకే, టీ కూడా ఆయనకే.

తిరిగొచ్చాక ఆయన కలప పడవల వాళ్ళందరినీ బతిమాలారు. ఉత్తరానికి ఖాళీగా వెళ్ళే ప్రతి పడవలోనూ కొన్ని రేకులు. వానలు పూర్తిగా తగ్గకముందే కప్పు పడింది. మరుసటి ఏడాది ఆయన నా టేబుల్ దగ్గరకొచ్చి, "పడవ వరస అని ఒకటుంటుందట కదా, అదెలా రాస్తారో చూపించండి" అన్నారు. చూపించాను. నోటుబుక్కులో రాసుకున్నారు. నా దగ్గర దాచుకున్న ఆఖరి ముక్క కూడా ఆయనదైపోయింది.

తర్వాత నేను సూపరింటెండెంట్‌నయ్యాను. ఎలా అయ్యానన్నదాని మీద చాలా కథలు చెప్పాను. ఢిల్లీ నుంచి పెద్దలెవరో నా పేరు అడిగి తెలుసుకున్నారని ఒకటి. అదేం లేదు. కెప్టెన్ నా రహస్య నివేదికలో రాసిన మాటల వల్ల అయ్యాను. సిబ్బంది ఫైళ్ళు చూసే గుమాస్తాకి ఇంట్లో భోజనం పెట్టి ఆ కాగితం చూశాను. రెండే వాక్యాలు. మొదటిది, ఈ దీవుల్లో ఇతనికి తెలియని ఖర్చు లేదు. దాన్ని ముప్పై ఏళ్ళుగా అందరికీ చెబుతున్నాను. మా ఆవిడకైతే వారానికోసారి. రెండో వాక్యం ఎవరికీ చెప్పలేదు. 'అడిగితే చెబుతాడు' అని ఉంది అక్కడ.

కాగితం మడిచి ఇచ్చేసి, మూడు రోజులు ఆయనకు ఎదురుపడకుండా తిరిగాను. తెలిసి రాశారా, తెలియక రాశారా? దాంతోనే నా మిగతా ఉద్యోగమంతా గడిచిపోయింది. ఆయన పదవీ విరమణ చేసి డైరీ ఫార్మ్ అనే పేటలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. నేనూ చేశాను. ఆదివారం చర్చి అయ్యాక వాళ్ళ వరండాలో కూర్చునేవాళ్ళం. ఒకప్పుడు ట్రంకు పెట్టెను భుజానికెత్తుకున్న మనిషి, ఆఖరి రోజుల్లో గ్లాసు ఎత్తడానికి రెండు చేతులు వాడేవారు. అది చూసి కూడా నాకు మొదట కలిగింది జాలి కాదు. నా చేతులు వణకడం లేదని చూసుకున్నాను.

ఆయన పోవడానికి రెండు నెలల ముందు అలాగే కూర్చున్నాం. వాళ్ళావిడ లోపల ఉన్నారు. ఏదో సముద్రం గురించి మాట్లాడుతూ మధ్యలో ఆగారు.

"గురువుగారూ, ఒకటి అడగనా? ఇప్పుడు మీకు నేను పైఅధికారిని కాను, నాకు మీరు సిబ్బంది కారు. ఆ ఏడాది డిగ్లీపూర్ పడవ ఖర్చు మీకు గుర్తుకు రాలేదా? గుర్తుకొచ్చి ఊరుకున్నారా?"

అడిగి, ఊరుకున్నారు. అడవుల శాఖ ఆయన దగ్గర ఊరుకున్నట్టే.

నేను తట్టుకున్నాను. ఇది నా జీవితంలో నేను గెలిచిన ఒకే ఒక్క పందెం. ఎంతసేపైనా కానీ అని గేటు వైపు చూస్తూ కూర్చుని, చివరికి, "గుర్తుకు రాలేదు సార్. పని ఒత్తిడి కదా ఆ రోజుల్లో" అన్నాను.

ఆయన చాలాసేపు తల పంకించారు. తర్వాత కుర్చీ చేతుల మీద బరువు వేసి, మెల్లగా, నిజంగానే లేచి నిలబడ్డారు.

"అయితే నేను ఇన్నేళ్ళూ మిమ్మల్ని అన్యాయంగా అనుమానించాను. నన్ను క్షమించాలి మీరు" అన్నారు.

నేను కూర్చునే ఉన్నాను.

"పర్వాలేదులెండి సార్" అన్నాను.